తెగులు తెచ్చినవారెవరు?

శార్వరి నామ సంవత్సరపు ఉగాది మనలో ఎవరును మరచినది కాదు. అది 2020 మార్చి 25వ తేదీ. ముందటి అర్ధరాత్రి నుండియే దేశమంతట తలుపులు మూతపడినవి. మత్తిగిరిలో వేపపూత కొమ్మల నిండ ఉన్నది గాని, పక్కవారి చెట్టు దగ్గరకు పోవుటకు కూడ ఆ ఉదయము జంకినాము. పచ్చడి ఎవరింటిలో వారు కలుపుకొన్నారు. పంచాంగ శ్రవణము ఫోనులో జరిగినది.

దానికి నాలుగు దినములు ముందు మా వీధికి ఒక అమ్మాయి వచ్చినది. బెంగుళూరులో ఒక ఆసుపత్రిలో నర్సు. తల్లికి కాలు బెణికినదని చూచిపోవుటకు వచ్చి, దారులు మూయుటచేత ఇక్కడనే నిలిచిపోయినది. పాలు పోయు అతను ఆ యింటిగడప తొక్కుట మానినాడు. తరువాత పదిదినములకు వీధి చివర ఇద్దరికి జ్వరము తగిలినది. “ఆసుపత్రి పిల్ల తెచ్చినది” అని మాట పుట్టినది. ఆ మాట అన్నవారిలో మేమును ఉన్నాము. ఆమె వినుచుండగా అనలేదు గాని, అన్నాము. ఆ తప్పు ఒప్పుకొని ఈ వ్యాసము మొదలుపెట్టుచున్నాము. ఏలయన, మేము వ్రాయబూనిన చరిత్ర అంతయు ఆ ఒక్క మాట చుట్టును తిరుగుచున్నది: రోగము వచ్చినప్పుడు, అది ఎవరివలన వచ్చినదో తెలియుట ఎట్లు?

మత్తిగిరి పేరు చెప్పగనే తెలిసినవారికి పశువుల ఫారము గుర్తుకు వచ్చును. 1824లో ఈస్టిండియా కంపెనీవారు తమ పటాలముల గుర్రముల కొరకు ఏర్పరచిన స్థలమది. సుమారు 1,640 ఎకరముల నేల. కంపెనీ పోయినది, గుర్రములు పోయినవి, ఆవులును గొర్రెలును కోళ్లును వచ్చినవి. అట్టి చోట పుట్టి పెరిగినవారికి అంటురోగమును గురించి ఒక సంగతి ఎవరును బోధింపనక్కరలేదు. సంతలో కొన్న పశువును తెచ్చిన దినముననే మందలో కలుపరు. కొన్నాళ్లు వేరుగ కట్టి, నోరు, గిట్టలు చూచి, మేత సరిగ మేయుచున్నదని తెలిసిన పిమ్మటనే కలుపుదురు. మా పెద్దలు ముసర రోగము చూచినవారు. ముసర వచ్చిన ఊరిలో దుక్కిటెద్దులు మిగులవు. ఆ ఏడు దుక్కి లేదు, మరు ఏడు తిండి లేదు. ఏ సంతనుండి వచ్చినది, ఎవని ఎద్దు తెచ్చినది అని పంచాయతులు జరిగెడివట. ఆ ముసర ఇప్పుడు భూమిమీద లేదు. 2006లో భారతదేశము దాని బారినుండి బయటపడినదనియు, 2011లో ప్రపంచమంతట అంతరించినదనియు ప్రకటించినారు. మనుష్యులలో మశూచి తరువాత మానవుడు పూర్తిగ తుడిచివేసిన రెండవ రోగము అదియే.

పశువుల విషయమున “వేరుగ కట్టుట” న్యాయమే. మనుష్యుల విషయమున అదే పని అన్యాయముగ మారుటకు ఎంతో సేపు పట్టదు.

1896లో బొంబాయిలో ప్లేగు పుట్టినది. 1898 ఆగస్టునాటికి అది బెంగుళూరు చేరినది. మాకును బెంగుళూరునకును నడుమ ఇరువదియైదు మైళ్లు మాత్రమే కదా. ఆ నగరములో మల్లేశ్వరము, బసవనగుడి పేటలు వెలసినది ఆ ప్లేగు తరువాతనే. ఇరుకు పేటలనుండి జనమును విడదీయుటకు. ప్లేగమ్మ గుడులును అప్పుడు కట్టినవే. రైలు దిగినవారిని అనుమానించుట, మూట ముల్లె విప్పించుట, ఊరికి క్రొత్తగ వచ్చినవారిని తరుముట అంతటను జరిగినది. 1898లోనే ఫ్రెంచి వైద్యుడు సైమండ్ మన ఉపఖండమున పనిచేయుచు, ఈ ప్లేగు ఎలుక ఒంటిమీది చిన్న పురుగు కుట్టుటచేత మనిషికి సోకునని కనుగొన్నాడు. ఆయన మాట నమ్ముటకు లోకమునకు ఇంకను చాలా ఏండ్లు పట్టినది. అంతవరకు నింద మోసినది బాటసారులు.

ఆ బొంబాయి ప్లేగు నెపముతోనే సముద్రమునకు ఆవల మనవారికి ఒక గొప్ప అవమానము జరిగినది. 1896 డిసెంబరు 18న కూర్లాండ్, నాదేరి అను రెండు ఓడలు దక్షిణాఫ్రికాలోని దర్బను రేవు చేరినవి. రెంటిలోను కలిసి సుమారు 800 మంది ప్రయాణికులు. కూర్లాండులో మోహన్‌దాసు గాంధి తన కుటుంబముతో ఉన్నారు. బొంబాయిలో ప్లేగు ఉన్నదని చెప్పి ఎవరిని దిగనీయలేదు. గడువు ముగియగానే మరల పొడిగించినారు. రేవులో తెల్లవారు సభలు చేసి, ఈ ఓడలను వెనుకకు పంపవలెనని కేకలు వేసినారు. ఓడలలో ప్లేగు లేదు. 1897 జనవరి 13న దిగనిచ్చినప్పుడు అల్లరి మూక గాంధిగారిని వీధిలో పట్టి కొట్టినది. పోలీసు సూపరింటెండెంటు భార్య శ్రీమతి అలెగ్జాండరు తన గొడుగు అడ్డుపెట్టి ఆయన ప్రాణము కాపాడినది. ఆ కథ మనకందరకు తెలిసినదే. అందు ప్లేగు ఎంత, ద్వేషము ఎంత అని విడదీసి చూడదగును.

దర్బను అనగనే మన పాఠకులు పరాయి ఊరు అనుకొనరాదు. 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసునుండి 342 మందిని దింపినది ఆ రేవులోనే. 1911 వరకు మొత్తము 1,52,184 మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగ నెటాలు చేరినారు. మద్రాసు రేవునుండి పోయినవారిలో తెలుగువారు ఎందరో. చెరకు తోటలలో పనిచేసి, గడువు తీరినపిమ్మట అక్కడనే నిలిచి, 1931లో ఆంధ్ర మహాసభ స్థాపించుకొన్నారు. ఉగాది వారును చేసికొందురు. మేము మత్తిగిరిలో ఉన్నాము, వారు దర్బనులో ఉన్నారు. పొట్ట చేతబట్టుకొని కదలిన జాతి ఒక్కటే. కనుక 2020లో దర్బనులో ఒక ఆసుపత్రికి ఏమి జరిగినదో తెలిసికొనుట మనకు దూరపు వార్త కాదు.

ఆ కథకు ముందు ఒక చిన్న పాఠము చెప్పుకొనవలసి యున్నది. వైరసు పుట్టుపూర్వములు ఎట్లు తెలియును?

తాళపత్ర గ్రంథముల సంగతి తీసికొందము. ఒక కావ్యమును ఒక లేఖకుడు చూచి వ్రాయును. ఎంత జాగ్రత్తగ వ్రాసినను ఎక్కడో ఒక తప్పు పడును. “గంధము” అనుచోట “గ్రంథము” అని వ్రాసినాడనుకొందము. అతని ప్రతిని చూచి వ్రాసినవాడు ఆ తప్పును అట్లే దించుకొని, తనది మరియొకటి చేర్చును. నూరేండ్ల పిమ్మట పండితుడు పది ప్రతులు ముందు పెట్టుకొని చూచినప్పుడు, ఒకే తప్పు ఉన్న ప్రతులు ఒకే ఇంటివి అని గుర్తించును. ఏ ప్రతి తల్లి, ఏది బిడ్డ, ఏవి అక్కచెల్లెండ్రు అని చెప్పగలడు. బ్రౌను దొర మన గ్రంథములను పలుచోట్లనుండి తెప్పించి పండితులచేత సరిపోల్చి చూపించినప్పుడు జరిగినది ఈ పనియే. ప్రతిని ఎవరు ఎవరికి ఇచ్చిరో ఎవరును వ్రాసి పెట్టలేదు. తప్పులే సాక్ష్యము చెప్పినవి.

వైరసు కూడ అట్టి గ్రంథమే. దానిలో నాలుగే అక్షరములు. కరోనా వైరసు గ్రంథము సుమారు 29,900 అక్షరముల పొడవు. ఒకరినుండి ఒకరికి సోకుచు, కోట్ల ప్రతులు తీయబడుచున్నప్పుడు అక్కడక్కడ అక్షరము తప్పును. కరోనా విషయమున, ఒక వంశక్రమములో నెలకు సుమారు రెండు తప్పులు నిలుచునని లెక్క. రోగి ముక్కులోనుండి తీసిన నమూనాలో ఈ అక్షరములన్నియు వరుసగ చదువుటనే జీనోము క్రమము కనుగొనుట అందురు. ఇద్దరు రోగుల వైరసులలో అక్షరములు పదిచోట్ల భేదించినచో, ఒకే వారములో ఒకరినుండి ఒకరికి సోకినదనుటకు వీలులేదు. ఒక్క భేదమును లేనిచో, ఒకే వంశమని తెలియును.

కాని ఇక్కడ ఒక మెలిక ఉన్నది. పదిదినములలో ఒక వార్డులో అయిదుగురికి సోకినప్పుడు అయిదుగురి వైరసులును అక్షరము పొల్లుపోక ఒకటిగనే ఉండవచ్చును. అప్పుడు వారంతా ఒక గుంపని తెలియునేగాని, ఎవరు ఎవరికిచ్చిరో ఆ అక్షరములు చెప్పజాలవు. దానికి వేరు పుస్తకము కావలెను. అది వార్డు రిజిస్టరు. ఏ రోగి ఏ మంచముమీద, ఏ దినమున, ఏ నర్సు ఏ పాళీలో అను వివరము. అక్షరములు “కాదు” అని గట్టిగ చెప్పగలవు. “ఔను” అనుటకు రిజిస్టరు సాయము కావలెను. మా వీధిలో మేము “ఔను” అన్నది ఏ సాయమును లేకుండనే.

వైద్యము చేయుచోట రోగము సోకినదా అను ప్రశ్నకు ఈ విద్యను వాడుట మూడు దశాబ్దములకు పైబడిన మాట. 1990లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక దంతవైద్యుని దగ్గర పళ్లు చూపించుకొన్నవారిలో కొందరికి ఎయిడ్సు వైరసు కనబడినది. వైద్యుని వైరసును, రోగుల వైరసులను, ఆ చుట్టుపక్కల ఇతరుల వైరసులను అక్షరము అక్షరము పోల్చి, 1992లో శాస్త్రజ్ఞులు రోగులలో అయిదుగురికి ఆ వైద్యశాలలోనే సోకినదని తేల్చినారు. అప్పటికి పూర్తి గ్రంథము చదువు శక్తి లేదు. ఒక పుట చదివి చెప్పినారు.

దానికన్న ఎక్కువ మనస్సును కలచునది లిబియా కథ. బెంఘాజీ నగరములోని పిల్లల ఆసుపత్రిలో 400 మందికి పైగ చిన్నపిల్లలకు ఎయిడ్సు వైరసు సోకినది. ఇంత ఘోరము జరిగినప్పుడు తల్లిదండ్రుల దుఃఖమునకు ఎవరో ఒకరు జవాబు చెప్పవలెను. 1999లో, బల్గేరియానుండి పొట్టకూటికై వచ్చిన అయిదుగురు నర్సులను, ఒక పాలస్తీనా వైద్యుని పట్టుకొన్నారు. కావలెనని పిల్లలకు వైరసు ఎక్కించినారని అభియోగము. 2004లో మరణశిక్ష వేసినారు. పై న్యాయస్థానము మరల విచారించుమన్నది. ఆ రెండవ విచారణ నడుచుచుండగ, 2006 డిసెంబరులో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వెలువడినది. పిల్లల వైరసులలోని తప్పులను లెక్కించి, ఆ తప్పులు పేరుకొనుటకు ఎంతకాలము పట్టునో గణించి చూడగ, ఈ వైరసు ఆ ఆసుపత్రిలో 1998 మార్చికి ముందే తిరుగుచున్నదని తేలినది. ఆ నర్సులు ఆ ఊరు వచ్చినదే 1998 మార్చిలో! శుభ్రము చేయని సూదులు, గొట్టములవలన ఒకరినుండి ఒకరికి పాకిన రోగమది. అయినను 2006 డిసెంబరు 19న న్యాయస్థానము మరల మరణశిక్షయే విధించినది. వారు విడుదలయి బల్గేరియా చేరినది 2007 జులై 24న. ఎనిమిదేండ్లకు పైగ చెరలో గడపిన పిమ్మట.

ఆ పరిశోధన చేసినవారిలో ముఖ్యుడు టులియో డి ఒలివీరా అను శాస్త్రజ్ఞుడు. బ్రెజిలు దేశమున పుట్టి, ఆఫ్రికాలో పనిచేయుచున్నవాడు. ఆయనయే పదునాలుగేండ్ల తరువాత దర్బనులో మనకు మరల కనబడును.

2020 మార్చి 5న దక్షిణాఫ్రికాలో మొదటి కరోనా రోగి తేలినాడు. ఇటలీనుండి తిరిగివచ్చినవాడు, దర్బను నగరమున్న క్వాజులు-నెటాలు రాష్ట్రమువాడే. నాలుగు దినములకు, మార్చి 9న, దర్బనులోని సెయింట్ అగస్టీన్స్ ఆసుపత్రి అత్యవసర విభాగమునకు, ఐరోపానుండి వచ్చిన ఒకరు జ్వరము, దగ్గులతో వచ్చినారు. కొంతసేపు ఉండి వెడలిపోయినారు. అదే సమయమున అదే విభాగములో, పక్షవాతము కావచ్చునను అనుమానముతో వేరొక వృద్ధ రోగి ఉండెను. ఆ రోగిని తరువాత గుండెజబ్బుల వార్డునకు తీసికొనిపోయినారు. కొన్ని దినములకు ఆ రోగికి జ్వరము వచ్చినది. దానిని కరోనా అని అనుకొనుటకు అప్పుడు కారణమేమియు కనబడలేదు. ఆ వార్డులోని నర్సుకు సోకినది. వార్డులోని ఇతర రోగులకు సోకినది. ఆ రోగులలో కొందరిని వేరు వార్డులకు మార్చినారు. అక్కడ మొదలు.

ఏప్రిలు మాసాంతమునకు లెక్క చూడగ 119 మందికి సోకినది. అందులో రోగులు 39 మంది, ఆసుపత్రి ఉద్యోగులు 80 మంది. రోగులలో 15 మంది చనిపోయినారు. ఆసుపత్రి ఆవరణలోని మూత్రపిండముల శుద్ధి కేంద్రమునకు, దగ్గరలోని వృద్ధుల శరణాలయమునకు కూడ పాకినది. ఆసుపత్రి తలుపులు మూయవలసి వచ్చినది.

సాధారణముగ ఇట్టి సమయమున ఏమి జరుగునో మనకు తెలియును. ఒక నర్సు పేరు బయటకు వచ్చును, లేదా ఒక రోగి పేరు. ఇక్కడ అట్లు జరుగలేదు. రిచర్డు లెసెల్స్, యూనుస్ మూసా, డి ఒలివీరా మొదలగువారు క్వాజులు-నెటాలు విశ్వవిద్యాలయమునుండి వచ్చి రెండు పనులు కలిపి చేసినారు. ఒకటి, రోగులవియు ఉద్యోగులవియు వైరసు అక్షరములు చదువుట. రెండు, ప్రతి రోగి ఏ దినమున ఏ మంచముమీద ఉన్నాడో, ఏ వార్డునుండి ఏ వార్డునకు పోయినాడో కాగితములు తిరుగవేసి బొమ్మ గీయుట. వైరసులు దాదాపు ఒకే పోలికతో ఉన్నవి. పదిమంది పదిదారుల తెచ్చినది కాదు. మార్చి మొదటి పక్షములో ఒక్కసారి లోనికి వచ్చిన వైరసే ఇంత పని చేసినదని తేలినది.

ఎవరివలన పాకినదని అడుగగ వారిచ్చిన జవాబు మమ్ములను చాలాసేపు ఆలోచింపజేసినది. రోగినుండి రోగికి నేరుగ సోకినది తక్కువ అట. ఎక్కువ భాగము సేవ చేయువారి చేతుల మీదుగ, ఒక మంచమునుండి మరియొక మంచమునకు తిరుగు పరికరముల మీదుగ, అన్నిటికన్న మించి రోగులను వార్డునుండి వార్డునకు మాటిమాటికి మార్చుటవలన. 2020 మే మాసములో వెలువడిన ఆ నివేదికలో దోషి యొక్క పేరు లేదు. రక్తపుపోటు చూచు పట్టీ కలదు, ఉష్ణమాపకము కలదు, మంచముల మార్పిడి కలదు. 1897లో మనవారిని ఓడలో నిలిపి నిందించిన నగరములోనే 2020లో ఈ నివేదిక వెలువడినది.

మన దేశములో ఇట్టి విద్య లేదా అని అడుగవచ్చును. ఉన్నది, ఆలస్యముగ వచ్చినది. 2001 జనవరి, ఫిబ్రవరి మాసములలో బెంగాలులోని సిలిగురి పట్టణములో ఏదో తెలియని జ్వరము 66 మందికి సోకి 45 మందిని చంపినది. వారిలో చాలమంది ఆసుపత్రులలో పనిచేసినవారు, రోగులను చూడబోయినవారు. ఏ రోగమో అప్పుడు తేలలేదు. దాచిపెట్టిన నమూనాలను పరీక్షించి, వైరసు అక్షరములు చదివి, అది నీఫా అనియు, బంగ్లాదేశములోని నీఫాకు దగ్గర చుట్టమనియు ప్రచురించినది 2006లో. అయిదేండ్లు! చనిపోయినవారి ఇండ్లలో ఆ అయిదేండ్లు ఎవరెవరిని తిట్టుకొన్నారో.

2018 మే నెలలో కేరళలోని కోళిక్కోడు ప్రాంతమున అదే నీఫా వచ్చినప్పుడు అయిదేండ్లు పట్టలేదు, కొద్ది దినములే పట్టినది. మణిపాలు, పూనా పరిశోధనశాలలు వెంటనే పేరు చెప్పినవి. మొదటి రోగి ఒక్కనికి తప్ప మిగిలినవారందరికిని ఆసుపత్రులలోనే సోకినదని తరువాతి విచారణలో తేలినది. పేరాంబ్ర తాలూకా ఆసుపత్రిలో కొందరికి, కోళిక్కోడు వైద్యకళాశాల ఆసుపత్రిలో స్కానింగు గదుల దగ్గరి నడవలో వేచియున్న కొందరికి. నడవలో కూర్చుండుట కన్న వేరు పాపమేమియు వారెరుగరు. పేరాంబ్రలో మొదటి రోగికి సేవచేసిన నర్సు లినీ పుతుశ్శేరి మే 21న మరణించినది. మొదట పట్టిన గబ్బిలములలో వైరసు లేకపోగా, “గబ్బిలము కాదు, మరెవరో తెచ్చినారు” అని వదంతులు లేచినవి. అవి పురుగులు తిను గబ్బిలములు. తరువాత పండ్లు తిను పెద్ద గబ్బిలములను పట్టి చూడగ, వాటి వైరసు అక్షరములును రోగులవియు నూటికి 99.7 పాళ్లకు పైగ సరిపోయినవి. వదంతి అంతటితో ఆగినది.

కరోనాకాలమున మాకు దగ్గరగనే ఈ పని జరిగినది. బెంగుళూరు నిమ్హాన్సువారు 2020 మే 21 వరకు కర్ణాటకములో తేలిన 1,578 మంది రోగుల రాకపోకల వివరములను, 91 వైరసుల జీనోములను పక్కపక్కన పెట్టి చూచినారు. ఏడు వేరువేరు వంశములు కనబడినవి. చైనా, ఆగ్నేయాసియా, ఇరాను, ఐరోపాలలో తిరుగుచున్నవియు, మన దేశములోని ఇతర ప్రాంతములవియు. అనగా ఒక్క జాతి, ఒక్క సభ, ఒక్క రైలు తెచ్చినది కాదు. ఆ దినములలో టెలివిజనులో ప్రతి రాత్రి ఎవరో ఒక వర్గమును వేలెత్తి చూపుచుండిరి. ఆ 91 గ్రంథములను చదివియుండిన వేలు దించియుందురో లేదో మేము చెప్పలేము.

హైదరాబాదులో సిసియంబి అని మనము పిలుచు కణజీవశాస్త్ర సంస్థ ఉన్నది. 1977లో పుష్పమిత్ర భార్గవగారి పూనికతో వెలసినది. తెలుగుదేశమునకు అదొక పెట్టని కోట. 2020 వేసవిలో వారు భారతదేశపు వైరసులలో ఒక ప్రత్యేక శాఖను గుర్తించినారు. అప్పటికి చదివిన మన దేశపు జీనోములలో నూటికి 41 ఆ శాఖవియే. తెలంగాణ, తమిళనాడులలో అవి మెండు. 2020 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము ఈ పనికి పది పరిశోధనశాలలను ఒక కూటమిగ కలిపినది. పదింటిలో రెండు హైదరాబాదువి, రెండు బెంగుళూరువి. మేము రెండు నగరములకును బంధువులము గనుక ఈ లెక్క చెప్పుకొనుటలో కొంత గర్వము ఉన్నది. చదువరులు మన్నింతురు గాక.

కాని ఆ కూటమి పని దేశమున ఏ వైరసు తిరుగుచున్నదో చూచుట. ఒక ఆసుపత్రిలో ఏ మంచమునుండి ఏ మంచమునకు పోయినదో చూచుట వేరు పని. దానికి ఫలితము రెండు మూడు దినములలో రావలెను. కేంబ్రిడ్జిలోని ఆడెన్‌బ్రూక్స్ ఆసుపత్రిలో 2020లో అట్టి వేగముతో చేసి చూపినారు. అంతటితో గెలిచినామని చెప్పుటకు వీలులేదు. అదే బ్రిటనులో 2020 అక్టోబరునుండి 2021 ఏప్రిలు వరకు పలు ఆసుపత్రులలో, అక్కడ సోకినదేమోయని అనుమానమున్న 2,170 మందిపై ఒక పెద్ద పరీక్ష నడిపినారు. జీనోములు చదివించిన కాలములో సగము మంది నివేదికలు కూడ తిరిగి చేరలేదు. అంటు తగ్గినట్లు లెక్కలలో కనబడలేదు. చేతినిండ రోగులున్నప్పుడు నివేదిక చదివి మంచములు మార్చుటకు తీరిక ఎవరికున్నది? యంత్రము తెలివైనదే, వార్డులో నర్సుల సంఖ్య చాలనప్పుడు దాని తెలివి కాగితముమీదనే నిలిచిపోవును. ఇది మా అభిప్రాయము.

నిజము చెప్పినవానికి లోకము చేయు మర్యాద కూడ చెప్పవలెను. 2021 నవంబరు 25న అదే డి ఒలివీరా బృందము, తమ దేశములో ఒక క్రొత్త రూపము కనబడుచున్నదని దాపరికము లేక ప్రకటించినది. దానికే ఒమిక్రాన్ అని పేరు పెట్టినారు. గంటలు గడువకముందే దేశములు దక్షిణాఫ్రికా విమానములను ఆపివేసినవి. కొద్ది దినములలోనే ఆ రూపము ఐరోపాలో అంతకుముందు తీసిన నమూనాలలో కూడ బయటపడినది. కూర్లాండు ఓడకును విమానమునకును భేదము వేగమే అనిపించినది మాకు.

ఇక మా వీధి సంగతి. ఆ అమ్మాయికి పరీక్ష చేసినప్పుడు కరోనా లేదని వచ్చినది. పరీక్ష ఆలస్యముగ జరిగినది కనుక అదియును పూర్తి సాక్ష్యము కాదని వాదించినవారున్నారు. జ్వరము వచ్చిన ఇద్దరును కోలుకొన్నారు. ఆ ఇద్దరిలో ఒకరు దారులు మూయకముందు ఒక పెండ్లికి ముప్పది మైళ్లు పోయి వచ్చినారని మాకు తరువాత తెలిసినది. అది ఎవరును ఎత్తి చూపలేదు, ఆయన మా అందరికి కావలసినవాడు గనుక.

ఈ వ్యాసము వ్రాయుటకు ముందు ఆమె సెలవుకు వచ్చినప్పుడు మేము వెళ్లి కలిసినాము. ఆనాటి మాట ఎత్తి, తప్పు అయినదమ్మా అన్నాము. ఆమె నవ్వి కాఫీ ఇచ్చినది. “బాబాయ్, ఆ ఇద్దరి నమూనాలు ఎక్కడైనా దాచినారా? నాది దాచినారా?” అని అడిగినది. విచారించినాము. పరీక్ష అయిన నెలలోనే పారవేసినారట.